నిలబడితే చలి

"నడిస్తే వేడి, నిలబడితే చలి," అన్నాడు ఎసెన్‌కుల్
చెవుల టోపీ తీయకుండానే.
నారిన్ బజారు దగ్గర టాక్సీ అతనిది,
నాకంటే రెండేళ్లు చిన్నదైన ఆడీ.
నాలుగు సీట్లూ నిండేదాకా కదలకూడదు,
అది స్టాండు కట్టుబాటు.
ముందు ఎక్కినవాళ్లకే శిక్ష.
నిన్న ఒక ముసలామె
ఎండు పెరుగుండల సంచి ఒళ్లో పెట్టుకుని
గంటసేపు వణికి వణికి
చివరికి ఉన్ని గ్లోవుతో అతని మెడ మీద ఒక్కటి చరిచిందట:
"డబ్బులిచ్చి మరీ గడ్డకట్టాలట్రా?"

నేను నవ్వలేదు. బానెట్ ఎత్తాను.
మైనస్ ఇరవై ఆరులో ఇనుము చేతిని పట్టుకుంటుంది,
విడిపించుకుంటే తోలు అక్కడే ఉండిపోతుంది.

ముందు కూలెంట్ చూశాను.
పచ్చగా, గీత దాకా ఉంది.
అతని మొహం వెలిగింది. నాది వెలగలేదు.
అది తగ్గి ఉంటే నాకెంత హాయి,
సీసాడు ఒంపి ఇంటికి పంపేసేదాన్ని.

థర్మోస్టాట్‌ని అనుమానించాను.
తలుపు వేయడం మరిచిపోయిన ఇల్లులా
అది తెరుచుకునే ఉండిపోతే
దారిలోనూ చలే ఉండాలి.
కానీ ముల్లు తొంభై దగ్గర బుద్ధిగా కూర్చుంది.

గాలి బుడగేమో.
గరాజు ముందు వాలు మీదకి కారు ముక్కు ఎక్కించి
మూత తీసి, హీటరు మీట చివరిదాకా తోసి
గాలం వేసినవాళ్లలా కూర్చున్నాం పావుగంట.
గొంతు సవరించుకున్నట్టు రెండు బుడగలు.
అంతే.
అతను ఫ్లాస్కులోంచి టీ పోశాడు.
నేను తాగలేదు, రెండు చేతులూ రెండు గొట్టాల మీద ఉన్నాయి.
డాష్‌బోర్డు వెనక్కి వెళ్లేది ఒకటి, తిరిగొచ్చేది ఒకటి.
వెళ్లేది గోరువెచ్చన.
వచ్చేది చేప కడుపు.

"తొక్కు."
తొక్కాడు. ఇంజను అరిచింది.
వేడి పాకుతూ వచ్చింది
నా బొటనవేలి కిందకి, అక్కణ్ణుంచి అరచేతిలోకి.
"వదులు."
వదిలాడు.
గడప దాకా వచ్చి చెప్పులు విప్పని చుట్టంలా
వెళ్లిపోయింది.

పరుగులో పల్లకీ మోత, ఆగితే ఈగల మోత.
ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.
కాగే నీళ్లున్నాయి. మోసేవాడే లేడు.

పంపు విప్పడానికి మధ్యాహ్నం పట్టింది.
తుప్పుపట్టిన ఒక బోల్టు
మా అక్క కన్నా మొండిది.
బయటికొచ్చాక చూస్తే
ప్లాస్టిక్ రెక్కల చక్రం, నడిమధ్యన పగులు.
ఇరుసు గట్టిగా పట్టుకుని వేలితో తోశాను,
రెక్కలు తిరిగాయి,
ఇరుసు తిరగలేదు.

"ఇదా?" అన్నాడు, అరచేతిలో పెట్టుకుని.
"పిల్లల బొమ్మలా ఉంది."
"జోరుగా తిప్పితే ఎలాగో ఈడ్చుకుపోతుంది.
నెమ్మదిగా తిప్పితే జారిపోతుంది."

చాలాసేపు దాన్నే చూశాడు.
తరవాత చెప్పాడు, నాకు కాదు, ఆ ముక్కకి:
నెల నుంచీ స్టాండులో నిలబడనే లేదట.
ఎక్కిన ఒక్కరూ వెచ్చగా ఉండాలని
బజారు చుట్టూ, వంతెన దాకా, మళ్లీ బజారు చుట్టూ.
సంపాదనంతా పెట్రోలు తాగేసింది.
ఇంట్లో బురుల్చా అడిగితే బేరాల్లేవన్నాడు.
ఖాళీ జేబు, కారులో రోజుకో ఆడమనిషి,
వంతెన దగ్గర చూశామని చెప్పే నోళ్లు నాలుగు.
మూడు రోజులుగా ఆమె మాట్లాడటం లేదు.

"ఇది నాకిస్తావా?"
ఇచ్చాను. పాతముక్క ఎవరిక్కావాలి.
రుమాల్లో చుట్టి, లోపలి జేబులో పెట్టుకున్నాడు,
కోర్టుకి తీసుకెళ్లే కాగితంలా.

బిష్కెక్ నుంచి వ్యానులో కొత్త పంపు వచ్చింది,
ఇనుప రెక్కలది.
బిగించాను. ఎనిమిది వందల సోమ్‌లు ఇంకా బాకీ.

ఇవాళ రొట్టెకి వెళ్తూ చూశాను:
ఆడీ నిలబడే ఉంది, పొగ గొట్టం మెల్లగా ఊపిరి తీస్తోంది,
మూడు సీట్లు ఖాళీ.
వెనక అద్దం ఆవిరి వెనకాల
ఎవరో
తలగుడ్డ ముడి విప్పుకుంటున్నారు.