సున్నా లోతు

తాళ్లరేవులో నేనంటించిన
స్టిక్కరక్షరాలు
మూడో వేటకే ఉప్పుకి లేచిపోయాయి.
"గంగానమ్మ" కాస్తా
"గగనమ" అయి కూర్చుంది.

లోవరాజు మావ నవ్వలేదు.
చేపనూనె తాగిన టేకు పలక మీద
అరచేత్తో చార వెతికాడు,
పిల్లి వీపు నిమిరినట్టు.
కొలబద్ద లేదు, సుద్దముక్కా లేదు.
పాటుకి బయటపడ్డ బురద చూపించి
"అదిగో, పీత కొండి ఎత్తిందే,
తలకట్టు అలా విసరాలి" అన్నాడు.
మ కింద ఒత్తు మాత్రం
మడ వేరులా దిగి
ఊపిరి కోసం మళ్లీ పైకి లేచింది.

సున్నా దగ్గర ఉలి ఆగదే!
లోతెక్కువైంది మావా, అన్నాను.

"పోలయ్యకి చదువు రాదురా.
అమాస రాత్రి నలభై పడవల్లో
వేలు పెట్టి వెతుక్కుంటాడు."

కాకినాడ షాపుకొచ్చి
కంప్యూటర్లో ఆ సున్నా గీయబోయాను.
పదిసార్లు గీశాను.
ఎంత గుండ్రంగా వచ్చినా
వేలు లోపలికి పోలేదు.

నిన్న మళ్లీ వెళ్లాను.
పడవ పోటుకి ఊగుతోంది.
సున్నాలో చెంచాడు గోదారి బురద,
అందులో గోరంత పీతపిల్ల
అద్దె అడిగేవాణ్ణి చూసినట్టు
నన్ను చూసి
లోపలికి తప్పుకుంది.