బొంత వెనకవైపు

బ్రాడీపేట నాలుగో లైనులో కళ్యాణమండపం మేడ మీద
బొంతల ప్రదర్శన.
టికెట్టు ఇరవై. నన్ను అడగలేదు.
పోయిన వారమంతా వాటి వీపులకి
కర్ర దూర్చే గొట్టాలు కుట్టింది నేనే.
ముప్ఫై ఒక్క బొంతలు, బొంతకి నూట యాభై,
దారం నాది.

అందుకే ముఖాలు చూద్దామని వచ్చాను.

నులక మంచం మీద చూశాను, దండెం మీద చూశాను,
బాలింత కాళ్ళ కింద చూశాను గానీ
బొంత ఇలా నిటారుగా,
ఫొటోకి నిలబడ్డ పెద్దమనిషిలా, ఎప్పుడూ చూడలేదు.
పక్కన చీటీ: ముట్టుకోరాదు.
ముట్టుకోకుండా బొంతని తెలుసుకోవడమంటే
వాసన చూసి ఉప్పు చెప్పడమే.

కొత్తవి కిటికీ వైపు.
తేజోవతి అనే అమ్మాయి
పాత జీన్సు ముక్కలతో ప్రకాశం బ్యారేజీ కుట్టింది,
గేటుకొక జిప్పు.
ఒక పిల్లాడు జిప్పు లాగి నీళ్ళు వదిలాడు,
కాపలా మనిషి అటు తిరిగి నవ్వుకున్నాడు.
బాగుంది. నిజంగానే బాగుంది.
కుట్టు మాత్రం మిషనుది,
ఎక్కడా అలిసిపోలేదు.

పదకొండో నంబరు దగ్గర అందరూ తుమ్ముతున్నారు.
మిర్చియార్డులో తొడిమలు తీసేవాళ్ళ బొంత.
నలభై ఏళ్ళ కోరు
గోతాం పోగుల్లోంచి ఇంకా దిగలేదు.
లెక్చరరు గారొకాయన కళ్ళు తుడుచుకుంటూ
"ఎంత కదిలించిందండీ" అన్నారు.
కారమండీ, అనబోయి ఊరుకున్నాను.

చీటీ మీద: పాత చీరలు, గోతాం, దారం.
కుట్టినవారు: తెలియదు.

తెలియకపోవడమేంటి?
రెండు రాత్రులు నా ఒళ్ళో పడుకుంది ఈ బొంత.
ముళ్ళన్నీ ఎడమ అంచున ఉన్నాయి,
ఎడంచేతి మనిషి.
నల్లదారం సగంలో అయిపోతే గోధుమరంగుతో కానిచ్చింది,
శనివారం దాకా కూలిడబ్బులు రావు మరి.
చివరి జానెడూ కుట్లు పెద్దవయ్యాయి,
చూపు తగ్గిందో, వెలుగే తగ్గిందో.
పైమూల, లోపలివైపు,
చీమ తప్పిపోయినట్టు వంకరగా తొమ్మిది కుట్లు,
వేలు పొడుచుకున్న మచ్చతో సహా.
అవి పిల్లవి.
విప్పలేదు.
తప్పుకుట్టు కంటపడితే ఊరుకోని చెయ్యి
వాటి పక్కనించి దారి మార్చుకుని పోయింది.

హైమవతి గారు టీ ఇప్పించారు. ఇదంతా చెప్పాను.
శ్రద్ధగానే విన్నారు.
"పేరు లేకపోతే చీటీ మీద ఏం రాస్తాం ఖాసింబీ" అన్నారు.
ఓచరు ముందుకు జరిపి
నాలుగువేల ఆరువందల యాభైకి
నా పేరు రాయించుకున్నారు.

మెట్లు దిగబోతుంటే వెనక ఎవరో అంటున్నారు,
ఆ పదకొండోది వంకరగా కట్టారేంటి,
ఒక మూల వాలిపోయింది చూడండి అని.

వాలుతుంది.
ఆ తొమ్మిది కుట్ల మీదుగా
నేనూ సూది పోనివ్వలేదు.