పదకొండో నంబరు

సిగ్నల్ స్టేషన్లో చేరిన రోజు
అట్ట ఊడిన పుస్తకమొకటి చేతిలో పెట్టారు.
పగలైతే ఏ శంకువు, ఏ డోలు,
రాత్రయితే ఎరుపు మీద తెలుపా, తెలుపు మీద ఎరుపా,
అన్నీ అందులో ఉన్నాయి.
ఒకటి: దూరాన ఎక్కడో సముద్రానికి మనసు బాలేదు.
మూడు: గాలి రేవుకి తగలొచ్చు.
పది: ఇక చెప్పడానికేం లేదు.

పదితో పుస్తకం అయిపోవాలి.
అవలేదు.
పదకొండు ఉంది.
కబుర్లు అందడం ఆగిపోయిందని దాని అర్థం.

మాట తెగిపోయిందని చెప్పే మాట.
మా తాత చెముడు ముదిరాక
"నాకేం వినపళ్ళేదు" అని గట్టిగా అరిచి
మా జవాబు కోసం చెవి ఇటు తిప్పేవాడు.
అలా ఉంది అది.

"ఇది ఎప్పుడెగరెయ్యాలండి?"
"స్థానిక అధికారి వివేకాన్ని బట్టి అని రాసుంది కదా" అన్నారు సన్యాసిరావు గారు.
"వివేకానికి వేరే పుస్తకముందాండి?"
ఆయన టీ చల్లారేదాకా నవ్వారు.

సాయంత్రాలు ఫిషింగ్ హార్బరుకి దిగేవాణ్ణి.
మైలపల్లి పోలమ్మ దగ్గర రొయ్యలు.
పాతికకి ఒకటి కొసరు.
పన్నెండు కొన్నా నాకొకటి వేసింది,
నా వెనకాయన ముప్పై కొన్నా వెయ్యలేదు.
"లెక్కేటి?" అన్నాను.
"లెక్క కాదు బావూ, కొసరు."

ఆ అక్టోబరు తుపాను ముందు రాత్రి
ఫోను మూగబోయింది. వైర్లెస్సులో
ఇసుక రాలుతున్న చప్పుడు.
పదకొండు! అని లేచాను,
జీవితంలో మొదటిసారి నా వివేకంతో.
స్విచ్చి వేశాను. దీపం వెలగలేదు.
జనరేటరు మోకాలి లోతు నీళ్ళలో ఉంది.

స్తంభం చీకటిగా నిలబడింది,
ప్రతి మంచి రాత్రీ నిలబడినట్టే.
దీపం లేదంటే ప్రమాదం లేదని
పుస్తకమే నేర్పింది రేవుకి.
వేటకెళ్ళిపోతారని
టార్చి పట్టుకుని వానలో పరిగెత్తాను.

మరబోట్లు అప్పటికే జతలుగా కట్టేసున్నాయి.
తెప్పలు ఇసక మీదికి ఎక్కేశాయి.
పోలమ్మ కొంగు నడుముకి బిగించి
తాడు ముడి పళ్ళతో లాగుతోంది.

"లైటు వెయ్యలేదు కదా, ఎలా తెలిసింది?"
"నేదనే."
"రోజూ ఉండదు కదా!"
ముడి వదిలి చూసింది నన్ను,
తడి ఎందుకు తడిగా ఉంటుందని అడిగినవాణ్ణి చూసినట్టు.
"రోజూ నేకపోడం ఏరు, ఇయ్యేల నేకపోడం ఏరు.
ఆ కొస పట్టుకో ముందు."

పట్టుకున్నాను.

ఆ రెండు లేకపోవడాలకీ తేడా ఎక్కడుంది?
స్తంభం మీద లేదు. పుస్తకంలో లేదు.
ఆమె మనసులో ఉందని డైరీలో రాసి
మర్నాడు కొట్టేశాను.
ఆమె ఏమీ అనుకోలేదు.
చీకటిని చదివి, అర్థం తీసి,
ఆ అర్థానికి ఇంకో అర్థం వెతికి
అప్పుడు లేవలేదు.
లేచింది, అంతే.
ఆమెతో పాటు పేటంతా లేచింది.
కొసరు వేసే చెయ్యే తాడు పట్టింది.

నీళ్ళు తీశాక విచారణ ఫారం వచ్చింది.
నాలుగో గడి: ఎగరేసిన సూచిక సంఖ్య.
పదకొండు అని రాశాను.
ఎగరెయ్యలేదు కదా, కొట్టేశాను.
సున్నా అంటే అబద్ధం.
చివరికి కొత్త ఫారం తెచ్చుకుని
ఆ గడి ఖాళీగా వదిలాను.
నా ఉద్దేశంలో ఆ ఖాళీ
ఆ రాత్రి స్తంభమంత నిండుగా ఉంది.

నెల తిరక్కుండా ఉత్తరం:
"నాలుగో గడి ఖాళీగా ఉన్నందున
హెచ్చరిక జారీ కాలేదని భావించడమైనది.
ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వగలరు."

ఏడంటే ఉత్తరం మీద తేదీ నుంచా,
నాకు అందిన రోజు నుంచా,
మధ్యలో వచ్చిన ఆదివారం కలిపా,
అది రాయలేదు.
సన్యాసిరావు గారిని అడిగితే
మళ్ళీ టీ చల్లారిపోయింది.