బొమ్మకు రంగు

ఒరగడంలో మే నెల. చెప్పులు తారుకి అంటుకుంటున్నాయి.
లోపల ఇరవై రెండు డిగ్రీలు,
మా కోసం కాదు, బొమ్మల కోసం.
వేడెక్కితే వాటి పక్కటెముకలు అబద్ధం చెబుతాయట.

నా పని రంగు పూయడం.
పెద్ద బొమ్మ ముక్కుకి ఎరుపు, మోకాళ్లకి పసుపు.
ఏది ఎక్కడ తగిలిందో తర్వాత రంగే చెప్పాలి.
నాయుడుపేటలో మా నాన్న లారీల వెనక నెమళ్లు వేసేవాడు.
ఆయన బ్రష్షే ఇది. పిడి మార్చానంతే.

వెనక సీట్లో మూడేళ్ల బిడ్డ, పదిహేను కిలోలు.
నుదుటికి నీలం.
బెల్టు టక్కుమనేదాకా ఎళిలరసు కదలడు,
సర్కారు ఫారంలో దానికీ ఒక గడి ఉంది.

అరవై నాలుగు.
ఎప్పట్లాగే చెవికంటే ముందు కడుపుకి వినపడింది.
గాజు పలుకులు రాలడం ఆగాక వెళ్లి చూశాం.
స్టీరింగు మీద ఎరుపు.
డాష్‌బోర్డు కింద పసుపు గీత, బెత్తెడు.
ముందు సీటు వీపున
నీలం.

ఎళిలరసు రాసుకున్నాడు.
కంపెనీవాళ్ల కాఫీ చల్లారింది.
ఇంకా పేరు పెట్టని బండి అది.

ఆరున్నరకి షేర్ ఆటో.
ముగ్గురి చోట ఆరుగురం,
మా మోకాళ్ల మధ్య నిలబడ్డ బడిపిల్లాడు.
వాడి నుదుటికీ డ్రైవరు వెనక కడ్డీకీ మధ్య
నా చెయ్యి దానంతటదే వెళ్లి కొలిచింది:
జానెడు లేదు.

"ఎన్న అణ్ణా?" అన్నాడు వాడు,
నా గోళ్లలో నీలం చూసి నవ్వాడు.
చెయ్యి తియ్యలేదు,
పడప్పై దాకా.