తోడు గిన్నె

నా హైదరాబాదు పటం వేరు.
దాంట్ల చార్మినార్ కన్న
డిపో ఎనక మరుగుదొడ్డి పెద్దది.
లక్డీకాపూల్ పెట్రోల్ బంకుల
తాళంచెయ్యి ఎవరి జేబుల ఉంటదో నాకెరుక.
కోఠిల అయిదు రూపాయలు,
నాంపల్లిల నా మొఖం చూసి
ఊకెనే పంపే ముసలాయన.
టికెట్ల మిషన్ మెడల, కత్తి కడుపుల.
"కండక్టర్ ఏడి?" అని బస్సంత ఒర్రుతుంటె
నేను గొళ్ళెం పట్టుకొని
ఎర్రగ పోయినదాన్ని చూస్తుంటి.

కొలైటిస్ అని రాసిచ్చిన్రు.
మా అత్తకు నోరు తిరగక కోలాటమన్నది.
తప్పేమున్నది?
రాత్రంత లోపట కర్రలే.

పదకొండు దినాలు దవాఖానల.
ఇంటికొచ్చేసరికి
ఫ్రిజ్‌ల పెరుగు పచ్చగ బూజు పట్టింది.
పందొమ్మిదేండ్ల తోడు అది.
నిన్నటి గిన్నెల నుంచి ఇయ్యాల్టి గిన్నెలకు
ఒక్కనాడు తెగలే.
అండాలు దాన్ని మోరిల పారబోసి
నాకంటె దానికే ఎక్కువ ఏడ్చింది.

డాక్టర్ నుజ్హత్ రిపోర్టు తిరగేసి తిరగేసి చూసింది.
"మంట చల్లారింది. గోలీలు మాత్రం మానొద్దు.
లోపట బస్తీ ఖాళీ అయింది, మంచి క్రిములను పంపుదాం.
కని ఉత్త చేతుల్తోటి పంపితె
రెండ్రోజులుండి పోతయ్.
వాటికీ తిండి కావాలె.
ఉడికిన అరటికాయ, చల్లారిన అన్నం,
జర జర పెంచుకుంట పో.
నీకు అరగనిదే వాటికి అన్నం.
మళ్ళ నెత్తురు పడితె అన్నీ ఆపి నా దగ్గరికి రా."

నేను నా భాషల చెప్పుకున్న:
పాసింజర్లను ఎక్కించుడు ఒక్కటే కాదు,
సద్దిమూట గూడ కట్టియ్యాలె.
సీట్లల్ల మంచోళ్ళు కూసుంటె
ఫుట్‌బోర్డు మీది రౌడీలకు జాగ దొరకదు.

పెరుగుకు తోడేది మరి?
పొద్దుగూకింది.
దీపాలు పెట్టినంక పెరుగు అడగరు, ఇయ్యరు.
అండాలు ఖాళీ గిన్నె పట్టుకొని
కింది వాటా మెట్టు మీద నిలబడ్డది,
తలుపు కొట్టదు, ఎనకకు రాదు.
షాకిరా ఆపానే తలుపు తీసింది.
"దవాకు పగలేంది, రాత్రేంది?"
చెంచెడు పెరుగేసింది.
మా పట్టింపు ఆమెకెట్ల తెలుసో,
పైన ఒక ఎండు మిరపకాయ కూడ పెట్టింది.

ఆ రాత్రి పాలు కాగి, ఆరి,
చిటికెనవేలు ఓర్చుకునేంత వెచ్చగైనంక
అండాలు చెంచ ముంచింది.
కదిలియ్యొద్దని నాకు సైగ చేసింది.
చీకట్ల ఆ గిన్నె
ఏం చప్పుడు లేకుంట పని చేస్తున్నది.
నేను గోలీ మింగి
నా కడుపు మీద చెయ్యేసుకొని పండుకున్న.
ఇద్దరం తోడుకోవాల్సినోళ్ళమే.

తెల్లారి రాత్రి అన్నంల కొత్త పెరుగు.
అరటికాయ మెత్తగ, కారం లేకుంట.
మొదటి వారం కడుపు డోలోలె ఉబ్బింది.
డాక్టరును తిట్టిన, అరటికాయను తిట్టిన,
పాపం పెరుగును గూడ తిట్టిన.
గిన్నె జరుపబోతె
అండాలు సగం అన్నం తీసేసి
సగం నా ముందలికే నూకింది.
"ఒక్కపాలి ఎక్కువేసిన. తప్పు నాది."

మూడో నెల డ్యూటీ ఎక్కిన.
నెమ్మదైంది కని నయమైందని అననీకి నోరు రాదు.
నోట్లె మాట పడ్డంక
రాత్రికి మళ్ళ కర్రలు మోగినయంటె?

మొన్న బస్సు లక్డీకాపూల్ దాటుతున్నది.
బంకుల పిలగాడు నన్ను చూసి
అలవాటుగ
తాళంచెయ్యి పైకెత్తి ఊపిండు.
నేను అద్దంల నుంచి టికెట్ మిషన్ ఎత్తి ఊపిన.
ఇయ్యాల వద్దు తమ్మీ.
రేపటి సంగతి రేపు.