కారణం అనే గడి

మార్చిలో మా స్కల్లీ కోవ్‌లో
మంచు ఇంకా కదలదు, మనుషులు మాత్రం కాగితాలతో బయల్దేరతారు.
ఫైర్ స్టేషన్‌లో ఎర్ర లారీని చలిలోకి తోలేసి
అది నిలబడే చోట నా బల్ల వేస్తారు.
కాళ్ల కింద నూనె మరక. పక్కన
ఉప్పు మాంసం వచ్చిన తెల్ల బకెట్, ఎంత కడిగినా వాసన పోదు.
దాని మీద అట్టముక్క, నా చేతిరాత:
"పన్ను లెక్కలు చేసిపెడతాను. నాకేమీ వద్దు. వ్యాన్‌కి వేయండి."

ముప్పై ఒక్క ఏళ్లు చేపల ఫ్యాక్టరీలో పద్దులు రాశాను.
ఫ్యాక్టరీ మూసిన రోజు ఆఖరి పద్దూ నాదే:
గేటుకి తాళం, ఒకటి, ఖర్చు.
అకార్డియన్ వచ్చినవాళ్లు వాయించి పోగుచేస్తారు,
చేయి తిరిగినవాళ్లు బన్నులు కాల్చి అమ్ముతారు.
నాకు కూడిక ఒక్కటే వచ్చు.
కూడికతో ఏం చేస్తాం, కూడబెడతాం.

ఏడాది మొత్తాన్నీ చెప్పుల పెట్టెలో తెస్తారు.
రబ్బరు బూటులో కుక్కి తెచ్చాడు ఒకడు.
లియోనా స్నూక్ కవరులో తాడు కొన్న రసీదు ఉంది,
తేదీ, వాళ్లాయన పడవ తిరిగిరాని వారానిది.
"ఇది కూడా ఖర్చేనా ఫిలో?" అంది.
ఖర్చే అన్నాను.
చెక్కిన పెన్సిల్‌నే మళ్లీ చెక్కాను.

బకెట్లో ఏం పడుతుందో చెప్పలేం.
నాణేలు, నలిగిన ఐదు డాలర్లు, కోటు గుండీ,
ఒక పిల్లాడు ఊడిన పాలపన్ను వేసి
దిండు కింద పెడితే దీనికి రెండు డాలర్లొస్తాయి, వ్యాన్‌కి ఇచ్చేస్తున్నా అన్నాడు.
ఇన్నేళ్లలో
ఎవరూ సణుక్కోకుండా కట్టిన పన్ను అదొక్కటే.

ఆంబ్రోస్ హైన్స్ చివర వచ్చాడు, టోపీ తీయకుండా.
నాలుగే కాగితాలు. పింఛను, మందులు, కరెంటు, మళ్లీ కరెంటు.
"ఆస్పత్రి ఎంత దూరం?" అడిగాను.
"ఎందుకు?"
"చట్టంలో ఉంది. కిలోమీటరుకి ఇంత."
ఆరేళ్లు, వారానికి మూడుసార్లు,
పోను నూట ముప్పై, రాను నూట ముప్పై,
వెరాను డయాలిసిస్‌కి తిప్పాడు.
ఆరేళ్ల ఫారాల్లోనూ ఆ గడి ఖాళీ.
"పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తిరిగినందుకు
సర్కారుకి బిల్లు వేయమంటావా?" అన్నాడు.
లేచి నిలబడ్డాడు కూడా.

బతిమాలలేదు నేను.
అంకె వెనకున్న మనిషి కుదుటపడేదాకా ఆగడం
ఫ్యాక్టరీలో జీతాల రోజున నేర్చుకున్నాను.
హీటరు టక్కుమని ఆగింది, మళ్లీ రాజుకుంది.
తనే కూర్చున్నాడు. తనే మొదలెట్టాడు:
రెండో వంతెన దాటాక గొయ్యి, అక్కడ వెరా తలుపు పట్టుకునేది.
రోడ్డు మూసేసిన రోజులు పదకొండు, అవి తీసెయ్.
ఒక మంగళవారం ఇద్దరం వెళ్లాం,
రావడం నేనొక్కణ్ణే.
"అది సగమే రాస్తావా?"
మొత్తం రాశాను.

మే నెలలో చెక్కొచ్చింది. బకెట్లో వేస్తాడనుకున్నారంతా.
వేయలేదు. ఇంటికప్పు బాగుచేయించాడు,
ఎన్నాళ్లనుంచో కారుతోందది.
ఎవరో నా దగ్గర మూతి విరిచారు.
ఆ డబ్బు అతనిది, అన్నాను.

జూన్‌లో వ్యాన్ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌ది,
తలుపు మీద ఏదో ఊరి బేకరీ పేరు, చెరిపినా కనపడుతుంది.
ఇంకా నాలుగొందలు బాకీ.
నడిపేదెవరని అడిగేలోపే
తాళంచెవి కోసం చేయి చాపాడు ఆంబ్రోస్.
"ఆ గొయ్యి నాకు తెలుసు" అన్నాడు, అంతే.

స్టీరింగ్ పక్కన నేను గీసిచ్చిన పుస్తకం ఉంటుంది:
తేదీ, ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, కిలోమీటర్లు, కారణం.
కారణం దగ్గర "వైద్యం" అని రాయమన్నాను,
రెండుసార్లు చెప్పాను.
నెలాఖరున తెరిస్తే
గడి గడికీ పేర్లు.
గెర్టీ పెన్నీ. లియోనా చెల్లెలు. మళ్లీ గెర్టీ.
ఎర్ర పెన్ను తీసి కాసేపు పట్టుకున్నాను.
కిలోమీటర్లు మాత్రం కూడాను.