ఒకే గడి

మాఘం చివర, జోడుగుళ్లపాలెం ఒడ్డున
మైలపల్లి గురువులు కర్రతో ఇసక పొడిచి చూస్తాడు.
మెత్తగా దిగిందా, గుడ్లున్నట్టే.
ఈ రాత్రి నూట పద్దెనిమిది.
బకెట్లో సర్దుతూ,
"తిప్పీకు తల్లీ, లోపలి పిల్లకి తల తిరిగిపోద్ది" అంటాడు.

డ్యూటీ దిగి పెదవాల్తేరు మెరక ఎక్కితే
పాత బంగళాలో ఆ చెట్టు.
అందరికీ అది క్రిస్మస్ చెట్టు.
అసలు పేరు పలకబోతే వాచ్‌మన్ నవ్వుతాడు.
ఎక్కడో పసిఫిక్‌లో చిన్న దీవి దానిది.
హుద్‌హుద్ రోజున తల విరిగింది.
పక్కనించి ఇంకోటి లేచింది, కాస్త వంకరగా.

మా ఆఫీసు జాబితాలో ఇద్దరిదీ ఒకే గడి.

తాబేలుకి పుట్టిల్లు గుర్తు.
ఏ నీళ్లు తిరిగినా పురిటికి ఇటే వస్తుంది,
బీచ్ రోడ్డు దీపాలు ఎంత చంద్రుడి వేషం కట్టినా.
చెట్టుకి గుర్తుందో లేదో ఎవరడిగారు?
వచ్చినప్పుడు కుండీలో జానెడు మొక్క.

ఇసక మరీ కాగితే అన్నీ ఆడపిల్లలేనట.
ఇక్కడ కాయలు రాలతాయి, ఒక్కటీ మొలవదు.
చుట్టుపక్కల దానికి జోడు లేదు.

ఓ పొద్దున గురువుల్ని తీసుకెళ్లాను.
బెరడు మీద అరచెయ్యి ఆన్చి
చాలాసేపు ఊరుకున్నాడు.
"డిప్పలాగే ఉంది" అన్నాడు.
గేటు దాటాక ఆగి, వెనక్కి చూసి:
"పిల్లల్నంటే తెల్లారకుండా నీళ్లలో ఒగ్గేస్తాం.
దీన్నెక్కడ ఒగ్గాలి తల్లీ?"